అయిదో గేరును అడిగింది రోడ్డు

పాత కారు మీద మోజుపడి కొనుక్కున్నవాళ్లను కొన్నాళ్లకే పట్టుకునే ఆలోచన ఒకటుంది: దీని గేరుబాక్సు దించేసి, ఈ కాలపుది ఎక్కిస్తే పోదూ అని. ఎందుకని అడిగితే చప్పుడు అంటారు. ఫస్ట్ గేరులో కూత, సెకండులో మూలుగు, హైవే ఎక్కితే పక్కవాళ్ల మాట వినబడనంత రొద. బ్రిటన్‌లో ఈ ఆలోచన చుట్టూ కొన్ని దశాబ్దాలుగా ఒక చిన్న వృత్తే అల్లుకుంది. ఎంజీబీ, మోరిస్ మైనర్ లాంటి పాత కార్లకు ఫోర్డ్ సియెరా కారు అయిదు గేర్ల పెట్టెను బిగించడానికి కావలసిన అడాప్టరు, క్లచ్ ప్లేటు, ప్రొపెల్లర్ షాఫ్టు, స్పీడోమీటరు కేబులు అన్నీ కలిపి అక్కడ కిట్టుగా అమ్ముతారు. ఇలా మార్చడాన్ని సమర్థించేవాళ్లున్నారు, కారు చరిత్రను చెరుపుతున్నారని తప్పుపట్టేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఒక సంగతిని మాత్రం ప్రశ్నించకుండా ఒప్పేసుకుంటారు: పాత గేరుబాక్సు చప్పుడు చేస్తుంది గనకే మారుస్తున్నారని. ఆ ఒప్పుకోలు దగ్గరే పొరపాటు జరిగిందని నా వాదన. ఈ మార్పిడి ఆనవాయితీని పుట్టించింది గేరుబాక్సు కాదు, రోడ్డు. నలభై మైళ్ల వేగానికి పుట్టిన కారును డెబ్భై మైళ్ల రోడ్డు మీదికి తోలినప్పుడు ఎవరికీ పట్టని చప్పుడు అందరికీ లోపంగా వినబడసాగింది.

ఎంజీబీని ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. 1962లో ఇంగ్లండులోని అబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చి 1980 దాకా తయారైన ఈ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అయిదు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఇంతగా చేతులు మారిన, ఇంతగా విప్పి బిగించిన పాత కారు మరొకటి దొరకడం కష్టం. దాని 1,798 సీసీ ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బీ-సిరీస్ కుటుంబానిది. అదే కుటుంబంలోని 1,489 సీసీ ఇంజను కోల్‌కతా పక్కన ఉత్తర్‌పాడాలో తయారైన మన అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు నడిచింది. కలెక్టరు కారుగా, పెళ్లికొడుకు కారుగా, టాక్సీగా తెలుగునాట ప్రతి ఊరికీ తెలిసిన ఆ బండికి మాతృక మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఆ ఆక్స్‌ఫర్డ్‌లోనూ, తొలి ఎంజీబీలోనూ ఉన్నవి నాలుగేసి గేర్లు. కరకరలాడకుండా గేరు పడనిచ్చే సింక్రోమెష్ పై మూడింటికే, ఫస్టుకు లేదు. ఒకటి సోకు కారు, ఒకటి సంసారుల కారు. ఇంజనుకూ గేరుబాక్సుకూ వచ్చేసరికి మాత్రం రెండూ దగ్గరి చుట్టాలే.

ముందు ఆ చప్పుడు ఎక్కడిదో చూద్దాం. 1891లో ఫ్రాన్సులో పనార్ అండ్ లెవస్సోర్ కార్లకు ఎమిల్ లెవస్సోర్ జారుడు గేర్లు పెట్టాడు. రెండు సమాంతర ఇరుసులు, వాటి మీద రకరకాల సైజుల పళ్లచక్రాలు. డ్రైవరు లీవరు లాగితే ఒక చక్రం ఇరుసు మీద జారుకుంటూ పోయి ఎదుటి చక్రంలో పళ్లు కలుపుతుంది. అలా జారి కలవాలంటే పళ్లు ఇరుసుకు సమాంతరంగా, తిన్నగా ఉండితీరాలి. తిన్నని పన్ను ఎదుటి పన్నును నిడివి మొత్తంతో ఒక్కసారిగా, చప్పట్లు కొట్టినట్టు తాకుతుంది. నిమిషానికి వేలసార్లు అలా తాకితే వచ్చేదే ఆ కూత. అందులో అరుగుదలకు పాత్ర లేదు, షోరూము నుంచి వచ్చిన రోజున కూడా అది ఉంటుంది. ఎంజీబీ తొలి గేరుబాక్సులో ఫస్టు, రివర్సు ఈ పాత పద్ధతివే. ఇవాళ్టి చిన్న కార్లలోనూ చాలావాటికి రివర్సులో సన్నటి కూత వినబడుతుంది కదా, అదీ ఈ తిన్న పళ్లదే. 1899 నాటికి లూయీ రెనో ఇంకో మెట్టు ఎక్కించాడు. టాప్ గేరులో పళ్లతో పనిలేకుండా ఇంజను నుంచి వచ్చే ఇరుసునూ, చక్రాలకు పోయే ఇరుసునూ నేరుగా కలిపేశాడు. దీన్నే డైరెక్ట్ డ్రైవ్ అన్నారు. ఆ తరవాత డెబ్భై ఎనభై ఏళ్లపాటు, ఇంజను ముందూ తోలే చక్రాలు వెనకా ఉన్న కార్లలో దాదాపు అన్నిటికీ టాప్ గేరు ఇలాగే ఉండేది.

ఈ డైరెక్ట్ డ్రైవ్ సంగతి నా వాదనకు ఆయువుపట్టు. ఎంజీబీని గానీ పాత అంబాసిడర్‌ని గానీ టాపులో తోలుతున్నప్పుడు గేరుబాక్సులో ఏ పన్ను మీదా బరువు పడదు. కింద లే షాఫ్టు అనే కడ్డీ మీది చక్రాలు ఊరికే తిరుగుతుంటాయి, శక్తి మాత్రం పైన తిన్నగా వెనక్కి పోతుంది. అంటే హైవే మీద గంటల తరబడి చెవులు చిల్లులు పడేలా వినిపించే రొదలో గేరు పళ్ల వాటా లేనట్టే. గేరుబాక్సు అన్నిటికన్నా నిశ్శబ్దంగా ఉండే గేరులో నడుపుతూ చప్పుడు నేరాన్ని దానిమీదే మోపుతున్నారన్నమాట. మరి ఆ రొద ఎవరిది? ఇంజనుది, సైలెన్సరుది, గుడ్డ టాపు సందుల్లోంచి కొట్టే గాలిది, కొంత వెనక ఇరుసుది. ఇంజను అంతగా అరవడానికి కారణం లెక్కలో తేలుతుంది. ఎంజీబీ టాప్ గేరులో ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే బండి గంటకు 17.9 మైళ్లు, అంటే దాదాపు 29 కిలోమీటర్లు పోతుంది. నలభై మైళ్ల వేగానికి ఇంజను తిరిగేది 2,200 చుట్లు. హాయిగా కబుర్లు చెప్పుకోవచ్చు. డెబ్భై మైళ్లకు అదే 3,900 అవుతుంది. గంటసేపు 3,900 చుట్ల దగ్గర ఆ నాలుగు సిలిండర్ల ఇంజను పక్కన కూర్చుంటే ఎవరికైనా ఇంకో గేరు ఉంటే బాగుండుననిపిస్తుంది. లేని గేరు కోసం చెయ్యి దానంతటదే లీవరు మీదికి పోతుంది.

డెబ్భై మైళ్ల ప్రయాణం సామాన్యుడికి ఎప్పుడు వచ్చిందో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. బ్రిటన్‌లో తొలి మోటార్‌వే ప్రెస్టన్ బైపాసు 1958 డిసెంబరులో, ఎం1 తొలి భాగం 1959 నవంబరులో తెరిచారు. అప్పటికి అక్కడి రోడ్ల మీదున్న కార్లు వంకర దారుల్లో, ఊళ్ల మధ్యన, గుట్టలెక్కి దిగుతూ నడవడానికి గీసినవి. వేగపరిమితి లేని ఎం1 మీద వాటిని ఎడాపెడా తోలితే ఇంజన్లు వేడెక్కి దారి పొడుగునా ఆగిపోయాయి. 70 మైళ్ల పరిమితి 1965 డిసెంబరులో వచ్చింది. 1963 నుంచే ఎంజీబీ కొనేవాళ్లు అదనపు డబ్బిచ్చి ఓవర్‌డ్రైవ్ వేయించుకునే వీలుండేది. ఎడ్గార్ డి నార్మన్‌విల్ రూపొందించిన, షెఫీల్డ్‌లో లేకాక్ కంపెనీ తయారుచేసిన ఈ చిన్న యంత్రం గేరుబాక్సు వెనక తగులుకుంటుంది. మధ్యలో సూర్యచక్రం, దాని చుట్టూ గ్రహాల్లా తిరిగే చిన్న చక్రాలు. స్విచ్చి వేయగానే ఇంజను ఒక చుట్టు తిరిగేసరికి బయటి ఇరుసు అంతకన్నా ఎక్కువ తిరుగుతుంది. డెబ్భై మైళ్ల దగ్గర 3,900 చుట్లు కాస్తా 3,200 దగ్గరికి దిగుతాయి. 1975 వచ్చేసరికి బ్రిటన్ మార్కెట్టు ఎంజీబీలన్నిటికీ ఇది ఫ్యాక్టరీలోనే బిగించి ఇచ్చారు. అంటే అయిదో గేరు కావాలన్న కోరిక ఈనాటి మోజుగాళ్లది కాదు. తయారుచేసినవాళ్లే మోటార్‌వే వచ్చిన నాలుగేళ్లకే ఒప్పుకుని, దానికో ధర కట్టి అమ్మారు.

తరవాత వచ్చిన ఫోర్డ్ టైప్ 9 గేరుబాక్సు కథ దీనికి కొనసాగింపే. 1980ల మొదట్లో సియెరా కార్లలో వచ్చిన ఈ అయిదు గేర్ల పెట్టెలో నాలుగోది డైరెక్టు, అయిదోది 0.82, అంటే ఇంజను 0.82 చుట్టు తిరిగేసరికి బయటి ఇరుసు ఒక చుట్టు తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్ నిష్పత్తి కూడా దాదాపు అంతే. ఓవర్‌డ్రైవ్ లేని ఎంజీబీకి టైప్ 9 బిగించినవాడు, కొన్ననాడు డబ్బు చాలక వదిలేసినదాన్ని ఇరవై ఏళ్లకు వేరే దారిలో తెచ్చుకున్నాడు, అంతే. చమురు సంక్షోభాలు రాకపోతే అయిదో గేరు చవక కార్ల దాకా అంత తొందరగా దిగివచ్చేదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, 1973, 1979ల్లో పెట్రోలు ధర ఎగబాకడం కూడా ఇందులో ఉంది. తక్కువ చుట్లు అంటే తక్కువ ఇంధనం. రోడ్డు ఒక్కటే కారణమని నేను పట్టుబట్టను. కానీ పెట్రోలు ఆదా కోసమైనా అయిదో గేరు పనికొచ్చేది ఆగకుండా వేగంగా పోగలిగే రోడ్డు మీదే. ఊళ్లో తిరిగే బండికి అయిదో గేరు ఉన్నా లేకున్నా ఒకటే.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. హైవే రొద సంగతి సరే, ఫస్ట్ గేరు మాటేమిటి? బండి ఇంకా కదులుతుండగా ఫస్టులోకి తోస్తే కరకరమంటుంది. క్లచ్ తొక్కి న్యూట్రలుకు తెచ్చి, వదిలి, ఇంజను కాస్త రేపి, మళ్లీ తొక్కి వెయ్యాలి. మన లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ అనే విద్య అదే. దీన్ని పోగొట్టే సాధనం ఏనాడో ఉంది. 1928లో అమెరికాలో క్యాడిలాక్ సింక్రోమెష్ తెచ్చింది. 1933లో ఇంగ్లండులోనే ఆల్విస్ అన్ని ముందు గేర్లకూ సింక్రోమెష్ ఉన్న పెట్టె అమ్మింది. వాలు పళ్లు కూడా అప్పటికే ఉన్నాయి. వాలుగా కోసిన పన్ను ఎదుటి పన్నును ఒక కొస నుంచి మెల్లగా తాకుతుంది, కూత ఉండదు. అయితే ఆ చక్రాన్ని జార్చి కలపలేం గనక ఎప్పుడూ కలిసే ఉంచాలి, వాలు వల్ల పక్కకు తోసే ఒత్తిడిని కాయడానికి బేరింగులు గట్టిగా ఉండాలి, ఖర్చవుతుంది. ఎంజీబీకి ఫస్టులో ఇవన్నీ వచ్చింది 1967 చివర్లో. ఆల్విస్ తరవాత ముప్పైనాలుగేళ్లు పట్టిందంటే కారణం తెలియకపోవడం కాదు, అక్కర పడకపోవడం. ఆగిన బండిని కదిలించడానికి మాత్రమే వాడే గేరుకు అంత ఖర్చు ఎందుకని లెక్కవేశారు. బారులు తీరిన ట్రాఫిక్కులో ఆగీ ఆగక పాకుతూ పోవలసి వచ్చాకే, కదులుతూండగా ఫస్టులోకి దించడం రోజూ పడే బాధ అయింది. కనక ఫస్ట్ గేరు ఫిర్యాదును తెచ్చింది కూడా రోడ్డే. అయితే ఇది ఊరి రోడ్డు.

రెండో ఆక్షేపణ మెకానిక్కులది. రోడ్డూ లేదు గీడ్డూ లేదు, యాభై ఏళ్ల పెట్టె అరిగిపోయి అరుస్తోంది అంటారు. ఇందులో నిజం చాలా ఉంది. నా అభ్యంతరమల్లా, అరుగుదలకు మందు మార్పిడి కాదని. అరిగిన చప్పుడు తన చిరునామా తానే చెబుతుంది. ఇంజను ఆడుతుండగా న్యూట్రలులో గురగురమని, క్లచ్ తొక్కగానే ఆగిపోతే ముందు ఇరుసు బేరింగో, లే షాఫ్టో పోయినట్టు. ఫస్టు, సెకండు, థర్డుల్లో మూలిగి టాపులో మూసుకుంటే దాదాపుగా లే షాఫ్టే. క్లచ్ తొక్కినప్పుడే కీచుమంటే అది గేరుబాక్సే కాదు, క్లచ్ బేరింగు. ఎంజీబీలో అది రాపిడికి అరిగిపోయే గ్రాఫైటు రింగు. లే షాఫ్టు అంటే వేలి మందాన ఉండే ఉక్కు కడ్డీ, దాని మీదే సూదుల్లాంటి సన్నని రోలర్లు నేరుగా తిరుగుతాయి. పెట్టె విప్పి ఆ కడ్డీని వెలుతురులో పట్టుకుంటే, రోలర్లు పరుగెత్తిన చోట గట్టిపరిచిన పైపొర మశూచి మచ్చల్లా గుంటలు పడి లేచిపోయి ఉంటుంది. రాలిన ఆ పొడి నూనెలో కలిసి మిగతా బేరింగులన్నిటినీ తినేస్తుంది. ఎంజీబీ గేరుబాక్సుకు పోయవలసింది ఇంజనాయిలు. గేరుబాక్సు కదా అని ఇరుసుకు వాడే చిక్కటి జీఎల్-5 నూనె పోస్తే, అందులోని రసాయనాలు ఇత్తడి, కంచు సింక్రో రింగులకు చేటు చేస్తాయి. ఒక కడ్డీ, నాలుగు బేరింగులు, సరైన నూనెతో పోయే చప్పుడు కోసం పెట్టెనే పారేయడం నాకు వృథాగా తోస్తుంది. పైగా బదులు తెచ్చే టైప్ 9 మాత్రం కొత్తదా? దానికీ నలభై ఏళ్లు దగ్గరపడ్డాయి. జీవితకాలానికి ఒకసారి పోసిన నూనె చాలునని దానికి నూనె దించే బిరడా కూడా పెట్టలేదు. పాత బండిలోంచి ఊడదీసిన టైప్ 9లో ఏ కాలపు నూనె ఉందో విప్పితే గానీ తెలియదు. మాజ్దా ఎంఎక్స్-5 కార్ల గేరుబాక్సుల వైపు ఇప్పుడు కొందరు తిరగడానికి ఈ వయసు కూడా ఒక కారణం.

ఇక మన దేశానికి వస్తే, స్టీరింగు కిందనే గేరు రాడ్డు ఉన్న అంబాసిడర్ 1990ల మొదటి దాకా నాలుగు గేర్లతోనే నడిచింది. అప్పుడు 1800 ఐఎస్‌జెడ్ వచ్చింది: జపాను ఇసుజు ఇంజను, దానితోపాటే అయిదు గేర్ల పెట్టె, గేరు రాడ్డు నేల మీద. నా వాదన ప్రకారమైతే మన రోడ్లు అప్పటికే మారి ఉండాలి కదా? మారలేదు. తెలుగువాళ్లకు బాగా తెలిసిన మద్రాసు–కలకత్తా దారి, నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, రాజమండ్రి, విశాఖల మీదుగా పోయే పాత ఐదో నంబరు జాతీయ రహదారి, నాలుగు వరసలైంది 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజిలో భాగంగా, 2000ల దశకంలో. అంతకు ముందు అది చాలావరకు రెండు వరసల రోడ్డు. లారీ వెనక లారీగా పోవడమే ప్రయాణం. మరి రోడ్డుకన్నా ముందు గేరు ఎలా వచ్చింది? ఇంకొకరి రోడ్డును వెంటబెట్టుకుని వచ్చింది. జపానులో 1960ల్లోనే ఎక్స్‌ప్రెస్‌వేలు తెరిచారు. ఆ దారుల మీద నడిచే కార్ల కోసం పుట్టిన పెట్టె మనకు దిగుమతైంది. మనవాళ్లు మొదట మెచ్చుకున్నది దాని మెత్తదనాన్నీ, ఇంజను లాగుడునూ. అయిదో గేరు విలువ పూర్తిగా తెలిసింది నాలుగు వరసల రోడ్డు పడ్డాకే. పాత నాలుగు గేర్ల అంబాసిడర్‌కు ఇసుజు ఇంజనూ పెట్టే కలిపి ఎక్కించాలని చూసేవాళ్లు కూడా ఊళ్లో తిరగడానికి కాక, దూరం పోవడానికే ఆ పని తలపెడతారు.

చివరి ఆక్షేపణ బండి అసలుతనం గురించి. గేరుబాక్సు మారిస్తే అది అదే కారా? చట్టాలు దీనికి ఇచ్చిన జవాబులు ఒకదానికొకటి పొసగవు. బ్రిటన్‌లో బాగా మార్చేసిన కారుకు పాత నంబరు ఉంచాలా వద్దా తేల్చడానికి చాలాకాలం ఒక పాయింట్ల లెక్క నడిచింది: ఛాసిస్‌కు 5, సస్పెన్షనుకు 2, ఇరుసులకు 2, స్టీరింగుకు 2, గేరుబాక్సుకు 2, ఇంజనుకు 1. అసలు ఛాసిస్‌తో కలిపి 8 ఉంటే నంబరు నిలిచేది. ఇంజనుకన్నా గేరుబాక్సుకు రెట్టింపు విలువ! మన దగ్గర సరిగ్గా తలకిందులు. రిజిస్ట్రేషను సర్టిఫికెట్టు మీద ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ ఉంటాయి, గేరుబాక్సు ఊసే లేదు. యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్‌గా నమోదు చేయడానికి 2021లో కేంద్రం తెచ్చిన నియమాలు ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు ఉండకూడదన్నాయి. గేరుబాక్సును పేరుపెట్టి అనలేదు. పాత వాహనాల అంతర్జాతీయ సంఘం ఫీవా తన టురిన్ చార్టరులో చెప్పిన మాట ఈ రెండిటికన్నా నాకు నచ్చుతుంది. వాడకానికి తప్పనిసరైన మార్పు చేసుకో, కానీ తిరిగి పూర్వస్థితికి తేగలిగేలా చెయ్యి, తీసిన అసలు భాగాన్ని బండితోపాటే దాచు అన్నది దాని సారం. టైప్ 9 కోసం ఎంజీబీలో గేరుబాక్సును కప్పే టన్నెలు రేకు కోస్తే ఆ నియమం చెడుతుంది. కోయకుండా బిగిస్తే చెడదు.

అయితే మన వింటేజ్ నియమాల్లోనే ఇంకో మాట ఉంది. వింటేజ్‌గా నమోదైన బండిని మామూలు రోజువారీ తిరుగుళ్లకూ, వ్యాపారానికీ రోడ్డెక్కించకూడదు; ర్యాలీకీ, ప్రదర్శనకూ, మరమ్మతుకూ, పెట్రోలు పోయించుకోవడానికీ తోలుకోవచ్చు. నా వాదన నిజమైతే, అంటే అయిదో గేరును కోరేది హైవే ప్రయాణమే అయితే, ఆ ప్రయాణమే లేని బండికి మార్పిడితో పనిలేదు. అలాంటి అంబాసిడర్‌ను తెచ్చినవారికి లే షాఫ్టూ బేరింగులూ మార్చి, ఫస్ట్ గేరు కూతను ఉన్నదున్నట్టు వదిలేసి, పాత పెట్టెనే తిరిగి ఎక్కించే మెకానిక్కు మంచి పని చేసినట్టు. మామూలు నంబరుతో వారం వారం విజయవాడ నుంచి విశాఖకు తోలే బండి అయితే లెక్క వేరు. దానికి అయిదో గేరు పెట్టించుకోవచ్చు. రేకు కోయకుండా, ఆర్టీఓ దగ్గర రాయించవలసింది రాయించి, పాత పెట్టెకు నూనె పట్టించి గోనెసంచిలో చుట్టి షెడ్డులో భద్రపరచాలి. ఇసుజు పెట్టెతో ఫ్యాక్టరీ నుంచే వచ్చిన ఐఎస్‌జెడ్‌లకు 2040ల్లో యాభై ఏళ్లు నిండుతాయి. అప్పుడు వాటిని వింటేజ్‌గా నమోదు చేయించేవారికి అసలు గేరుబాక్సు అంటే ఆ అయిదు గేర్లదే, పాత అంబాసిడర్ మీద ముచ్చటపడి స్టీరింగు పక్కకు నాలుగు గేర్ల రాడ్డు మార్పించుకుంటే అదే మార్పిడి కింద లెక్క.